అతుకు కింద నాలుగు వరసలు

మా వదిన ప్రతిదీ రెండుసార్లు లెక్కపెడుతుంది. మెట్లు, ఆరేసిన బట్టలు, ఆఖరికి బస్సు దిగాక మేమెంతమందిమి ఉన్నామో కూడా. ఉండేది ముగ్గురం. ఒకసారి లెక్కపెట్టి, కాస్త ఆగి, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతుంది. మా అన్నయ్య ఆమెకి "రెండోసారి" అని పేరే పెట్టేశాడు. "రెండోసారీ, మంచినీళ్ళు!" అని కేకేస్తే ఆమె కూడా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఆమె మొదట్నుంచీ అలాంటి మనిషి కాదు. మా తివాచీల కార్ఖానాలో పన్నెండు మగ్గాలుంటే మూడోది వదినది. మగ్గానికి ఎదురుగా గళ్ళ కాగితం వేలాడుతుంటుంది. కాగితం మీద ఒక గడి అంటే తివాచీలో ఒక ముడి. మిగతావాళ్ళు గడిగడికీ తలెత్తి చూసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుని ముడి వేస్తారు. వదిన ఒక్క చూపులో వరస మొత్తం పట్టేసేది. పక్కావిడతో కబుర్లు ఆగవు, చేతులూ ఆగవు. వరస పూర్తయ్యాక ఇనప దువ్వెనతో దబదబా దట్టించేటప్పుడు మాత్రం కబుర్లకి విరామం. ఆ చప్పుడులో వినపడదు మరి.

ఆ కాగితాలు గీసేది నేను. ఆ పని ఇప్పించింది కూడా వదినే. "మా ఆడపడుచు చెయ్యి మంచిదండీ, ఒక్కసారి గీయించి చూడండి" అని యజమాని వెంటపడి మరీ ఒప్పించింది. నాకు దొరికిన మొదటి పెద్ద పని ఒక తీగ డిజైను. పెద్ద గొప్పేం లేదు. ఆకుల ఆకారం మందుల షాపు కిటికీ ఊచల దగ్గర చూసింది, తీగ ఒంపు ఇంట్లో పాత దుప్పటి అంచుది. కింది సగం ఎలా ఉంటే పై సగం అలాగే, అద్దంలో చూసినట్టు, సగానికి నూట ఎనభై వరసలు.

అంత పెద్దది ఒక కాగితంలో పట్టదు. రెండింటి మీద గీసి మధ్యలో అతికించాలి. పై కాగితం వచ్చి కింది కాగితం ఖాళీ అంచు మీద కూర్చోవాలి. నేను కొత్త, పైగా హడావుడి. ఖాళీ అంచు దాటించి, గీసిన గళ్ళ మీదికే జరిపి జిగురు పెట్టేశాను. నాలుగు వరసలు అతుకు కిందికి పోయాయి. నాకు తెలియనే లేదు.

వదిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు నేసింది. సగానికి వచ్చేసరికి తీగ ఉన్నట్టుండి పక్కకి గెంతింది. యజమాని తివాచీ వెనక్కి వెళ్ళి వరసలు లెక్కపెట్టాడు. నూట డెబ్భై ఆరు.

"నాలుగు వరసలు ఎగ్గొట్టావు. కబుర్లు తగ్గించమంటే వింటేనా!" అని అందరి ముందూ అరిచాడు.

"కాగితంలో ఉన్నదే నేశానండీ" అంది వదిన.

ఆయన నావైపు తిరిగాడు. "కాగితం సరిగ్గానే ఉందండీ" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజమనుకునే అన్నాను. వదిన నా మొహం ఒకసారి చూసి, "అయితే నా కళ్ళే దాటేసి ఉంటాయి" అంది. నా మాట మీద ఆమెకి అంత నమ్మకం.

మధ్యాహ్నం కాగితం విప్పి కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తే, అతుకు కింద నాలుగు వరసలూ మసగ్గా కనపడ్డాయి. వెంటనే చెప్పేస్తే పోయేది. కానీ అప్పటికే వదినని మగ్గం మీంచి లేపి, నేసినవాటికి కుచ్చులు ముడేసే చోట కూర్చోబెట్టారు. నాకున్నది ఒక్క ఉద్యోగం. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు మూడేళ్ళు నడిచింది.

పైగా తీగ గెంతిన చోట ఒక మొగ్గ గీసి ఆ వంకర కప్పేశాను. మొగ్గ కోసం కింది సగం కాస్త కుదించానని యజమానికి ఒక అబద్ధం చెప్పాను. తివాచీలు కొనేవాళ్ళకి ఆ మొగ్గే తెగ నచ్చింది. "ఇదెక్కడా చూడలేదు" అన్నారట. పన్నెండు మగ్గాల మీదా అదే డిజైను ఎక్కింది.

పోయిన నెల పెద్ద కంపెనీ ఒకటి అచ్చం అదే తివాచీ తన షాపులో పెట్టింది. పెట్టి ఊరుకోలేదు, డిజైను తన పేరున నమోదు చేయించుకుని, మేమే కాపీ కొడుతున్నామని నేతవాళ్ళ సంఘానికి ఫిర్యాదు కూడా చేసింది. దొంగతనమూ వాళ్ళదే, కేకలూ వాళ్ళవే! మా సరుకు కొనేవాళ్ళు ఆర్డరు ఆపేశారు. గురువారం సంఘం ముందు రుజువు చూపించకపోతే పన్నెండు మగ్గాలూ ఆగిపోతాయని యజమాని చెప్పాడు.

నేను ఆ షాపుకి వెళ్ళి, కొనేదానిలా నటిస్తూ తివాచీ తిరగేసి వేలుగోరుతో వరసలు లెక్కపెట్టాను. పై సగం నూట ఎనభై. కింది సగం నూట డెబ్భై ఆరు. మా తివాచీ ఎదురుగా పెట్టుకుని, నా తప్పుతో సహా ఎత్తుకుపోయారు! సొంతంగా గీసుకునేవాడు ఏ సగమూ నాలుగు వరసలు తక్కువ గీసుకోడు. కానీ "మా డిజైనే అంత" అని వాళ్ళంటే? తీగ ఎవరైనా గీస్తారు, ఆకు ఎవరి సొత్తూ కాదు. అందులో అచ్చంగా నాదంటూ ఉన్నది ఆ తప్పొక్కటే, దానికి సాక్ష్యం నా అతుకు కింద ఉంది. అది ఊడదీస్తే మగ్గాలు ఆగవు. మొదటి తివాచీ నేసిన మనిషిగా వదిన కూడా రావాలన్నాడు యజమాని.

గురువారం దాకా మిగిలిన మూడు రోజులూ, చెప్పేద్దామని వదిన వెనకాలే తిరిగాను. బుధవారం సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని, "వదినా, నీకో మాట చెప్పాలి" అన్నాను.

"రేపటి గురించి భయమేగా? నాకూ భయంగానే ఉంది" అంది దుప్పటి దులుపుతూ. "ఆ వరసలు నేనే ఎగ్గొట్టానని వాళ్ళ ముందు నేనే చెబుతాలే. సిగ్గేముంది? ఆ రోజు నా తప్పు కప్పిపెట్టడానికి నువ్వు మొగ్గ గీశావు. నేనది ఏనాడూ మర్చిపోలేదు."

నేను దుప్పటి రెండో కొస అందుకున్నాను. ఆమె మడతపెట్టిన బట్టలు లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది.

సంఘం గదిలో పొడుగాటి బల్ల మీద రెండు తివాచీలూ పక్కపక్కన పరిచారు. కంపెనీ తరఫున వచ్చినాయన తాపీగా ఫైలు తెరిచి నమోదు కాగితం చూపించాడు. సంఘం పెద్దావిడ మావైపు చూసి, "మీ దగ్గరేముంది?" అంది.

వదిన లేవబోయింది. నేను ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. గళ్ళ కాగితం బల్ల మీద పరిచాను. గుడ్డ నీళ్ళలో తడిపి పిండాను. అతుకు మీద గుడ్డ అద్ది, నానేదాకా ఆగి, అంచు పట్టుకుని మెల్లగా లాగాను. నాలుగు వరసలు బయటపడ్డాయి. మూడేళ్ళు వెలుతురు తగలలేదేమో, రంగులు నిన్న వేసినట్టున్నాయి.

"ఈ నాలుగూ నేను గీసినవే. అతికేటప్పుడు నేనే కప్పేశాను. అందుకే మా తివాచీలో లేవు. మాది చూసి నేశారు కాబట్టి వాళ్ళ దాన్లోనూ లేవు. మా వదిన ఏదీ ఎగ్గొట్టలేదు" అన్నాను. చివరి మాట సంఘానికి అక్కర్లేదు.

పెద్దావిడ రెండు తివాచీలూ తిరగేసి వరసలు లెక్కపెట్టించింది. కంపెనీ ఆయన ఫైలు మూసేశాడు. మా యజమాని కుర్చీలోంచి లేచి ఏదేదో అంటున్నాడు. నాకేమీ వినపడలేదు. నేను వదిననే చూస్తున్నాను.

ఆమె బల్ల దగ్గరికొచ్చి కాగితం మీదికి వంగింది. గోరు పెట్టి ఒక్కో వరస తాకుతూ, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. అలవాటు చొప్పున మళ్ళీ మొదలుపెడుతుందని చూశాను. పెట్టలేదు. వేలు తీసేసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చుంది. సగం దారి దాకా కిటికీ వైపే తిరిగి ఉంది. తిడితే బాగుండుననిపించింది.

"మూడేళ్ళ నుంచీ" అంది చివరికి, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "తలుపు గడియ పెట్టానో లేదో, పొయ్యి ఆర్పానో లేదో, దేనికీ నన్ను నేను నమ్మలేక మళ్ళీ లేచి చూసుకునేదాన్ని. నువ్వు నవ్వేదానివి."

"నవ్వేదాన్ని వదినా" అన్నాను.