బొంతకాకి ముట్టిన విస్తరి

పోయిన పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా పాత ఇంటి గోడ మీద ఒక బొంతకాకి వాలింది. నేను కట్టె తీసుకుని తరిమాను.

మా ఆయన పోయాక అది మొదటి పెత్రమాస. పెద్దలకు పెట్టిన అన్నం కాకి ముట్టేదాకా మా ఇంట్లో ఎవరూ తినరు. పొద్దున నిజామాబాద్‌లో కొడుకు ఇంటి డాబా మీద పెడదామని చూస్తే వాలినవన్నీ పావురాలే.

"పావురం గూడ పిట్టనే గదా అత్తా" అంది కోడలు.

"నీ వంతొచ్చినప్పుడు పావురాలకే పెట్టమను. మీ మామకు కాకే గావాలె" అన్నాను.

అట్లా వంటంతా గిన్నెల్లో సర్దుకుని, బోధన్ దాటాక ఉన్న మా ఊరికి వచ్చాం. మోదుగాకు విస్తరిలో అన్నం, పప్పు, గారెలు, పరమాన్నం పెట్టి గోడ మీద ఉంచాం.

కాకి అంటే మాకు ఊరకాకి. మెడ బూడిద రంగు, సన్నటి ఒళ్లు, గుంపుగా వస్తుంది, సందు దొరికితే వంటింట్లోకే వస్తుంది. బొంతకాకి అట్లా కాదు. నిలువెల్లా నలుపు, లావు ముక్కు, బొంగురు గొంతు. ఒక్కటిగానో జంటగానో పొలాల దిక్కు తిరుగుతుంది. దాన్ని మేం లెక్కలోకి తీసుకోం. పైగా మా ఆయనకు దానితో జన్మవైరం.

ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. సీజన్‌లో బోధన్ రోడ్డు పొడుగునా బండ్లు బారులు తీరేవి. గాలి నిండా ఉడికే చెరుకు రసం వాసన. ఇప్పటికీ బెల్లం కరిగిస్తే నాకు ఆ రోడ్డే కనబడుతుంది. ఊరకాకి ఎద్దు వీపు మీద కూర్చుని పురుగులు ఏరుకుంటే ఎద్దు కూడా హాయిగా నిలబడేది. బొంతకాకి మాత్రం కాడి ఒరుసుకున్న మెడ పుండునే వెతికి పొడిచేది. ఈయన పుండుకు పసుపు, నూనె రాసి గుడ్డ కట్టేవాడు. "నీ ముక్కు ఇర్గ!" అని చెర్నాకోల ఝళిపించేవాడు.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, ఆడవాళ్ల రాత్రి బడిలో. ఒకరోజు పక్షుల పాఠం ఆయనకు కూడబలుక్కుంటూ చదివి వినిపించాను. నీటికాకి, జెముడుకాకి పేరుకే కాకులట, జాతి వేరట. బొంతకాకి కంటే పెద్దది కాకోలం అని ఒకటుందట. చలి కొండల్లో, రాజస్థాన్ ఇసుకలో ఉంటుందట. గొంతు కింద గడ్డంలా ఈకలు, ఎగిరితే తోక మధ్యలో పొడుగ్గా సాగి ఉంటుందట.

"గడ్డమున్న కాకిని నువ్వు సూసినవా?" అన్నాడు.

"నేనెక్కడ సూస్త?"

"గీ బొంతకాకితోనే సస్తున్న. ఇంక గడ్డంది గూడెందుకు మనకు?"

అటువంటి మనిషి విస్తరిని బొంతకాకికి ఎట్లా వదిలిపెట్టాలి? మళ్లీ వచ్చింది, మళ్లీ తరిమాను. ఊరకాకి ఒక్కటీ రాలేదు. చెరుకు బండ్లు నడిచిన కాలంలో ఊరంతా అవే ఉండేవి. మూడు కావస్తోంది. ఊళ్లోనే ఉండే మా మరిదికి షుగర్ జబ్బు. పొద్దున్నుంచి తినక షుగర్ పడిపోయి మంచం మీద కూలబడ్డాడు. గ్లాసెడు చక్కెర నీళ్లు ఇస్తే తాగాడు గానీ అన్నం వద్దన్నాడు.

"అన్న తినకుంట నేను తిన. వదినె, రానియ్యి దాన్ని" అన్నాడు.

"మీ అన్నకు దానికి ఎప్పుడన్న పడ్డదా?"

"ఎడ్లున్నన్ని దినాలు పడలే. అమ్మినంక నువ్వు సూడలేదా?"

చూశాను. పద్ధతి పద్ధతే అని ఇంతసేపూ తరిమాను, అంతే. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎడ్లను అమ్మేశాం. బండి ఈ గోడ పక్కనే పడి ఉండేది. పొద్దున్నే ఆయన జొన్నరొట్టె పట్టుకుని నొగ మీద కూర్చుంటే బొంతకాకి వచ్చి చక్రం మీద కూర్చునేది. మొదట్లో చెర్నాకోల ఎత్తాడు. తర్వాత "ఇంకేం పొడుస్తవే, ఏమున్నది?" అంటూ రొట్టె ముక్క విసిరాడు. ఇక అదే అలవాటైంది. మేం కొడుకు దగ్గరికి వెళ్లిపోయే రోజు ఊళ్లో అందరికీ చెప్పి వచ్చాడు. ఆ కాకికి చెప్పలేదని టౌన్‌లో కొన్నాళ్లు గొణిగాడు.

కట్టె కింద పెట్టి దూరం జరిగాను. అది గోడ మీద పక్కపక్కకు గెంతుతూ వచ్చింది, గారెను ముక్కుతో తిప్పి చూసింది, అన్నం తిన్నది. తర్వాత గారె పట్టుకుని పొలాల దిక్కు ఎగిరిపోయింది.

"లేవుండ్రి, తినుండ్రి" అన్నాను. మొదటి ముద్ద మా మరిదికి నేనే కలిపి పెట్టాను.

ఆ రోజు అక్కడున్నది నేను, మా కొడుకు, కోడలు, మరిది, తోటికోడలు. గోడ మీద బొంతకాకి. దానికి గడ్డం లేదు, చూశాను.