వేళ్లతో చూసే గడియారం

2022 వానకాలం. సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో మా వర్క్‌షాపు. ముందుగదిలో గడియారాల రిపేరు, మా బాపు నడిపినప్పటి నుంచీ ఉన్నదే. వెనకగదిలో నేను పెట్టుకున్న చిన్న మెషీన్లు ఉంటాయి. ఒకటి సన్నని ఇరుసులు చెక్కే లేత్. ఇంకొకటి కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ప్రకారం లోహాన్ని కోసే సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్. హైదరాబాద్‌లో మెషీన్లకు అచ్చులు, పనిముట్లు చేసే ఒక టూల్‌రూంలో పనిచేసి వచ్చినదాన్ని కాబట్టి, బజారులో దొరకని పాత గడియారాల సామాను నేనే తయారుచేస్తాను. మా కొలతలు మైక్రాన్లలో ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఆ రోజు ముసురు. యాదగిరి కాక గజ్వేల్ నుంచి బస్సులో వచ్చి, చేతికర్రతో మా మెట్టు వెతుక్కుని ఎక్కాడు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. సర్కారు ఆఫీసుల్లో కేన్ కుర్చీలు అల్లే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇంటి దగ్గర ఇంకా అల్లుతూనే ఉన్నాడు. ఆయన తెచ్చింది మూత ఉన్న చేతిగడియారం. మూత తీస్తే లోపల అద్దం ఉండదు. డయల్ మీద ఉబ్బెత్తు చుక్కలుంటాయి. ముల్లు ఏ చుక్క దగ్గరుందో వేలి కొసతో తడిమి టైము తెలుసుకోవాలి.

"కింద పడ్డది బిడ్డా. చెవి కాడ పెడితే సప్పుడు లేదు," అన్నాడు.

విప్పి చూస్తే బ్యాలెన్స్ స్టాఫ్ విరిగింది. గడియారంలో అటూ ఇటూ ఊగే చక్రానికి ఇరుసు అది. దాని కొసలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి. ఆ మోడల్‌కు సామాను రావడం ఎప్పుడో ఆగిపోయింది. స్టీలు కడ్డీలోంచి కొత్తది చెక్కి, కొసలు పాలిష్ చేసి బిగించాను. టైమింగ్ మెషీన్ మీద పెట్టాను. అది గడియారం చప్పుడు విని, ముందుకు పోతోందో వెనకపడుతోందో గీత గీసి చూపిస్తుంది. గీత తిన్నగా వచ్చింది.

కొన్నాళ్లకే కాక తిరిగొచ్చాడు.

"తప్పు చూపిస్తుంది బిడ్డా. నువ్వేసిన సామాను దీనికి కుదరలే."

నిలబెట్టి, పడుకోబెట్టి, తిరగేసి అన్ని రకాలుగా చూశాను. ఏ తేడా లేదు. ఆ మాటే చెప్పాను.

"మరి నాకెందుకట్ల చూపిస్తుంది? నేనేమన్న అబద్ధమాడుతున్ననా?" ఆయన గొంతు పెరిగింది. వెంటనే తగ్గింది. "నా భార్య నర్సవ్వకు పక్షవాతం. మాకు పిల్లలు లేరు. టైముకు గోలీలు ఇచ్చేది నేనే. మొన్న గోలి మీద గోలి వేసిన. పొద్దంత మత్తుల పడి లేవలే. పిలిస్తే పలకలే. గీ గడియారాన్ని నమ్మే వేసిన."

"మాట్లాడే గడియారాలు ఉన్నయి గద కాకా?"

"ఉంది, ఇంట్ల. రాత్రి దాన్ని ఒత్తితే ఉలిక్కిపడి లేస్తది. ఇగ ఆమెకు నిద్ర పట్టదు. గిదైతే నాకొక్కనికే చెప్తది."

హోటల్ నుంచి చాయ్ వచ్చింది. అంచు పట్టుకున్నా చెయ్యి కాలేంత వేడిగా ఉంటే, నా గ్లాసు బల్ల మీద పెట్టేశాను. కాక తన గ్లాసును వేళ్లన్నీ చుట్టి పట్టుకుని, నెమ్మదిగా ఊదుకుంటూ కూర్చున్నాడు. ఆ వేళ్లు కదల్లేదు.

గడియారాన్ని నాలుగు గంటలకు తిప్పి చేతికిచ్చాను. "టైమెంత కాకా?"

తడిమాడు. మళ్లీ తడిమాడు. "అయిదు," అన్నాడు.

ఇంకో టైముకు తిప్పి ఇచ్చాను. అదీ తప్పే చెప్పాడు.

"నీకు షుగరుందా?"

"ఉంది. కాళ్లు ఎప్పటినుంచో మొద్దుబారినయి. చేతులు మంచిగనే ఉన్నయి."

గడియారాన్ని బల్ల మీద పెట్టాను. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. "గడియారం మంచిగనే ఉంది కాకా. నీ వేళ్లకు స్పర్శ తగ్గింది."

కాక ఆ వేళ్లను రెండో చేత్తో తడుముకున్నాడు. తర్వాత, "ఈ నడుమ అల్లిక వదులైతుంది. కేనే మంచిది వస్తలేదనుకున్న," అన్నాడు. "కండ్లు లేవని నాకెన్నడు బాధ లేకుండె బిడ్డా. గీ చేతులతోనే చూసిన. గిప్పుడు గివి కూడ గుడ్డివైతే నేనేం చెయ్యాలె?" అన్నాడు.

ముందు దవాఖానకు పొమ్మన్నాను. పోయాడు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయనీ, పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చనీ, షుగరును అదుపులో పెడితే ఉన్నదన్నా నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడట. ఆ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడు, వేలి కొసల కన్నా పైన స్పర్శ మిగిలి ఉండొచ్చని, చూపుడువేలు మడిచి కణుపుతో డయల్‌ను తాకి చూడమన్నాను.

"ఏదో తెలుస్తుంది. చుక్కనో ముల్లో తెలుస్తలేదు," అన్నాడు.

అది చాలు, పని మొదలుపెట్టడానికి. ఇత్తడి బిళ్లల మీద చుక్కలకు బదులు గట్లు కోశాను. కొన్ని ఎత్తుగా, కొన్ని వెడల్పుగా. కాక వచ్చినప్పుడల్లా ఒక్కో బిళ్ల మీద కణుపు ఆనించి చెప్పేవాడు, నేను మళ్లీ కోసేదాన్ని. మామూలుగా కోసిన లోహం అంచులు నేను నునుపు చేస్తాను. అలా నునుపు చేసిన అంచు ఆయనకు తెలియలేదు. కాబట్టి గీరుకోకుండా చూసి, అంచులు నిటారుగానే ఉంచాను. ముళ్లు మందంగా చేస్తే బరువెక్కి గడియారాన్ని ఆపేస్తాయి. అడుగున మెషీన్‌తో తొలిచి బరువు తగ్గించాను. ఇంత ఎత్తయ్యాక మూత పడలేదు. కేసుకూ మూతకూ నడుమ కొత్త రింగు ఒకటి చెక్కాల్సి వచ్చింది.

అంతా బిగించాక ఒక టైము పెట్టి చేతికిచ్చాను. కాక కణుపుతో నెమ్మదిగా తడిమాడు.

"పది దాటింది. పదిన్నర కాలే."

సరిగ్గా చెప్పాడు. ఎన్నిసార్లు మార్చి ఇచ్చినా సరిగ్గానే చెప్పాడు. నవ్వలేదు. మూత వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి ఎండాకాలంలో ఒకరోజు వచ్చాడు. గడియారం చేతికే ఉంది, రిపేరేమీ లేదు. కూర్చుని, మంచినీళ్లు తాగి చెప్పాడు.

"నర్సవ్వ పోయింది బిడ్డా. తెల్లారంగ. చెయ్యి పట్టుకొని కూసున్న. ఊపిరి ఆగింది. మూత తీసి చూసిన, అయిదు దాటింది. పొద్దుగాల అందరొచ్చి ప్రాణం ఎప్పుడు పోయిందని అడిగిన్రు. నేనే చెప్పిన. ఇంకెవలు చూడలే. నేనే చూసిన."

ఆ గడియారం సరిగా నడుస్తోందని నా మెషీన్ మొదటి రోజే చెప్పింది. అది నిజమే. కానీ ఆ నిజం కాక దాకా చేరలేదు. చేరేదాకా నా పని పూర్తి కాదని అంతకుముందు నాకెవరూ నేర్పలేదు. ఇప్పుడు ఎవరు గడియారం తెచ్చినా, విప్పే ముందు వాళ్ల చేతికే తిరిగిచ్చి టైమెంతో చూసి చెప్పమంటాను. కొందరు నవ్వుతారు. కొందరు దాన్ని దూరంగా జరిపి పట్టుకుంటారు, కొందరు వెలుతురు వైపు తిరుగుతారు. నా పని ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే తెలుస్తుంది.