పద్యం ఆగిపోయిన చోట

నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. మా నాన్న మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. వినకముందే కల అని తీర్పు చెప్పేవాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లొచ్చు.

మా నాన్న మైలవరం దగ్గర బళ్లో మాస్టారు. పగలు పాఠాలు, రాత్రి పౌరాణిక నాటకాలు. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. అరిస్తే మళ్లీ మొదటి నుంచి పాడాల్సిందే. ఆయన పోయి ఏడాదైందని పటమటలో సంస్మరణ సభ పెట్టాం. సభకు ముందురోజు, నాన్న నాటకాలన్నిటికీ హార్మోనియం వాయించిన వెంకట్రామయ్య గారు ఫోన్ చేశారు.

"అమ్మా, ఆ చివరి నాటకం పద్యం మాత్రం పెట్టించకండి. గొంతు పగిలిపోయింది కదా పాపం. పోయినోడి పరువు దక్కనిద్దాం."

నాకు ఒళ్లు మండింది. ఆ పద్యాన్ని ఎవరో వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. పైకి వెళ్లే చోట ఒక గరగర, అంతటితో వీడియో అయిపోతుంది. ఊరంతా చూసి జాలిపడింది. నా వాదన ఒక్కటే. ఆ రోజు నాన్న జ్వరంతో వేషం కట్టినా సరే, పగిలింది ఆయన గొంతు కాదు, ఆ వీడియో సౌండ్.

"నేను ఎప్పుడో డౌన్‌లోడ్ చేశానక్కా, త్రీ ట్వంటీ ఎంపీత్రీ. అంతకన్నా క్వాలిటీ ఇంకేముంటది?" అన్నాడు తమ్ముడు శ్రీను.

"లీటరు పాలు ఐదు లీటర్ల క్యాన్‌లో పోస్తే ఐదు లీటర్లవుతాయేంట్రా?"

అప్పటికే నేను అంతా చదివి పెట్టుకున్నాను. సైటులో బొమ్మ వేరుగా, ధ్వని వేరుగా ఉంటాయి. ఎంపీత్రీగా మార్చినకొద్దీ ధ్వని పోవడమే తప్ప పెరగడం ఉండదు. ఉన్నవాటిలో మేలైన ధ్వనిని ఎంచుకుని, ఏ మార్పూ చేయకుండా ఉన్నదున్నట్టు దించుకోవాలి. వీడియో పెట్టినాయన్ని అడిగితే నిక్షేపంగా తీసుకోమన్నారు. అలాగే దించాను.

ఆ రాత్రి వాన. శ్రీను పక్కగదిలో పడుకున్నాడు. ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్స్ గుచ్చి, చెవులకు తగిలించుకుని, ప్లే నొక్కాను.

అబ్బ... ఎన్ని వినిపించాయో! హార్మోనియం తిత్తి గాలి పీల్చడం. ముందువరుసలో ఎవరో దగ్గడం. నాన్న పూసలదండ మైకుకు తగిలి టిక్కుమనడం. పద్యం ఎత్తుకునే ముందు ఆయన తీసుకునే చిన్న ఊపిరి... దాన్ని నేను మర్చిపోయాను. ఏడుపొచ్చింది. దాచను.

పద్యం సాగింది. పైకి వెళ్లింది. ఇంకా పైకి...

పగిలింది.

వీడియో సౌండ్ కాదు. నాన్న గొంతే. మంచి క్వాలిటీ కావాలన్నాను కదా, ఆ జీర మరింత స్పష్టంగా వచ్చింది. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. తెర మీద సమయం చూపే గీత చివరికొచ్చి ఆగింది. ఫైలు అయిపోయింది.

కానీ... ధ్వని ఆగలేదు.

సుయ్... మంటూ ఖాళీ మైకు. హార్మోనియం మీద ఒక్కటే మెట్టు నొక్కిపట్టిన చప్పుడు. దగ్గు లేదు. జనం లేరు. ఆ చిన్న ఊపిరి మాత్రం... మళ్లీ వినిపించింది. చెవి పక్కనే.

హెడ్‌ఫోన్స్ తీసేద్దామనుకున్నాను. తీయలేదు. ఎందుకు తీయాలి? మా నాన్న ఊపిరికి నేను భయపడాలా? మొండికేసి పైకే అన్నాను...

"వన్స్ మోర్, నాన్నా!"

ఎత్తుకున్నారు. మొదటి నుంచి. అదే పద్యం. పైకి వెళ్లింది... ఆ చోటికి వచ్చింది... దాటేశారు! అవలీలగా దాటేశారు. రాగం అలా... అలా సాగి... మెల్లగా దిగి... ఆగింది.

తెర మీద గీత చివరే ఉంది. కదలలేదు.

తలుపు కిర్రుమంది. కెవ్వుమన్నాను. శ్రీను.

"ఏంటక్కా అంత సౌండు? కిందవాళ్లు లేస్తారు. అయినా రెండోసారి భలే పాడారు నాన్న. ఎక్కడిదీ రికార్డింగ్?"

తలమీదున్న హెడ్‌ఫోన్స్ చూపించాను. వాడి చూపు వైరు వెంట ల్యాప్‌టాప్ దాకా వెళ్లింది. గట్టిగానే గుచ్చి ఉంది. వాడు గోడకానుకుని కూలబడ్డాడు.

తెల్లారేదాకా మళ్లీ మళ్లీ పెట్టాం. ఇంకోసారి దించి చూశాం. పగిలిన చోటే ఆగిపోయింది.

సభలో ఆ ఫైలే పెట్టించాను. ఆగగానే మైకు అందుకున్నాను. "అవునండీ, పగిలింది. జ్వరంతో వేషం కట్టిన మనిషి గొంతు అది. ఇందులో పరువు పోయేదేముంది?"

దిగాక వెంకట్రామయ్య గారు నా దగ్గరికొచ్చారు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆ నాటకం ఆడిన రాత్రి అందరూ వెళ్లిపోయాక మళ్లీ పాడాడమ్మా. ఖాళీ స్టేజీ మీద. చివరిదాకా పాడాడు. హార్మోనియం నేనే పట్టా. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు."

"వీడియో తీసినాయన లేరా?"

"ఆయన ఎప్పుడో సర్దుకుని వెళ్లిపోయాడు. మేమిద్దరమే ఉన్నాం."

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఫైల్లో లేదు. నిరూపించమంటే నా దగ్గర ఏమీ లేదు. కానీ మా నాన్న ఆ పద్యం పూర్తి చేయలేదని మాత్రం నా ముందు అనకండి. ఊరుకోను.