మా ఫిజిక్స్ సారు వెనక్కి తీసుకున్న మాట

మా ఫిజిక్స్ సారు కోదాడలో పోయారన్న కబురు నాకు మిర్యాలగూడలో, రెండు క్లాసుల మధ్య వచ్చింది. ఫోన్ చేసింది మా ఊరి స్నేహితురాలు. సూర్యాపేటలో డిగ్రీ చదివినన్నాళ్లూ చివ్వెంల వైపు నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. "సారు పోయిండంటనే. పొద్దుగాల గుండె ఆగిందంట," అంది. ఇద్దరికీ క్లాసులో జరిగిన ఆ ఒక్క రోజే గుర్తొచ్చిందని నాకు తెలుసు. నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది.

సారుది ఆంధ్రకు ఆనుకుని ఉన్న కోదాడ. ఆయన "అవుతుంది, ఉంటుంది" అనేవారు. "అయితది, ఉంటది" అనే మాకు ఆయన మాట అచ్చు పుస్తకంలా వినిపించేది. మొదటి ఏడాది ఆయన గొంతు వింటేనే వెనక్కి జరిగి కూర్చునేవాళ్లం. చెప్పడంలో లోటు లేదు. కానీ బోర్డుకు చెబుతున్నారో మాకు చెబుతున్నారో తెలిసేది కాదు. చివర్లో "అర్థమైందా?" అంటే అందరం అయిందనేవాళ్లం.

ఒక రోజు తాడుకు కట్టి గుండ్రంగా తిప్పే రాయి గురించి చెప్పారు. రాయిని లోపలికి లాగే బలం చేసే పని సున్నా అన్నారు. మా జొన్న చేలో పిట్టలను తోలడానికి చిన్నప్పుడు నేను తాడు మడతలో రాయి పెట్టి వడిసెల తిప్పినదాన్ని. సాయంత్రానికి భుజం లాగేసేది. అందుకే లేచి అడిగాను.

"వడిసెల తిప్పితే చెయ్యి గుంజుతది గదా సార్. మరి పని సున్నా ఎట్లయితది?"

సారు చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "ముందు మాట్లాడటం నేర్చుకో. ఫిజిక్స్ తర్వాత నేర్చుకుందువు గాని," అన్నారు.

క్లాసంతా నవ్వింది. పట్నం పిల్లలే కాదు, అచ్చం నాలాగే మాట్లాడేవాళ్లు కూడా నవ్వారు. నాకు అది ఎక్కువ తగిలింది.

ఆ తర్వాత కొన్నాళ్లు క్లాసుకు వెళ్లాను గానీ సారు చెప్పేది చెవిలో పడేదే తప్ప లోపలికి దిగేది కాదు. అదే లెక్క, అదే బోర్డు. కానీ ఆ చదువు నాలాంటివాళ్లది కాదనిపించింది. వేరే క్లాసుల్లో కూడా నోరు తెరవడం మానేశాను. చివరికి బస్సెక్కడమే మానేశాను. పత్తి ఏరే రోజులు కాబట్టి ఇంట్లో పెద్దగా అడగలేదు. ఇంకో చెయ్యి దొరికిందనుకున్నారు.

రెండో బెంచీలో నా చోటు ఎందుకు ఖాళీగా ఉందని సారు నా స్నేహితురాలిని అడిగారట. అది ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ ఆదివారం సారు బండి మీద మా ఊరొచ్చి, ఇల్లు అడిగి, ఇంట్లో ఎవరూ లేకపోతే చేను దాకా వచ్చారు.

గట్టు మీద నిలబడ్డ మనిషి కాలేజీ సారని తెలియగానే మా అమ్మ నా వైపు కోపంగా చూసింది. "ఏం జేసింది సారూ ఇది?" అని అడిగింది.

"తప్పు అమ్మాయి చేయలేదమ్మా. నేను చేశాను," అన్నారు సారు.

అమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. ఒడిలో పత్తి ఒడిలోనే ఉండగా నీళ్లు తేవడానికి పరుగెత్తింది. నేను తలెత్తలేదు. నా జుట్టుకు అంటుకున్న దూది, మట్టి కాళ్లు, పత్తి ఏరడానికి పైన తొడుక్కున్న అమ్మ పాత చొక్కా ఆయన చూస్తున్నారని సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నా ఎదురుగా గట్టు మీద కూర్చుని, ఆ రోజు అడిగింది మళ్లీ అడగమన్నారు. అడిగాను, నా మాటలోనే.

"రాయి మీద జరిగే పని సున్నానే. కానీ నీ చేతి కండ లోపల బిగుస్తూ సడలుతూ కష్టపడుతూనే ఉంటుంది. నొప్పి అందుకే," అని విడమరిచి చెప్పారు. తర్వాత గొంతు తగ్గింది. "ఇది నేను మొన్న పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నా. నువ్వు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పలేక నీ మాటను పట్టుకున్నా."

సోమవారం నుంచి వస్తానన్నాను. క్లాసులో మాత్రం ఏమీ అనొద్దని బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. "అన్నది అందరి ముందూ. చాటుగా వెనక్కి తీసుకుంటే అది దొంగతనం," అన్నారు.

అన్నట్టే చేశారు. అందరి ముందూ నిలబడి, తానన్న మాట తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. కానీ ఆ రోజు నుంచి కాలేజీలో నేను సారుతో తప్పు ఒప్పించిన పిల్లనయ్యాను. మాట పడ్డ నాటి సిగ్గు కంటే ఇది పెద్దదైంది. ఆయన క్లాసులో ఉన్నంతసేపూ పుస్తకంలోకే చూసేదాన్ని.

సారు మాత్రం మారిపోయారు. "అర్థమైందా?" అని మళ్లీ అడగలేదు. "నా మాట ఎక్కడ అడ్డం పడింది?" అనేవారు. అని, మా వైపు వీపు పెట్టి బోర్డు తుడుస్తూ నిలబడేవారు, శుభ్రంగా ఉన్న బోర్డును కూడా. "ముఖం చూసి అడగలేనివాళ్లు వీపు చూసి అడగండి," అనేవారు. మొదట్లో ఎవరూ అడగలేదు. ఆయన తుడుస్తూనే ఉండేవారు. తర్వాత వెనక బెంచీల నుంచి ఒక్కో గొంతూ లేచింది. మా మాటల్లో ఏదైనా తెలియకపోతే అర్థం చెప్పించుకుని మరీ జవాబిచ్చేవారు. నేను మళ్లీ అడగడానికి ఏడాది పట్టింది. అదీ ఆయన అటు తిరిగి ఉన్నప్పుడే.

నేను మిర్యాలగూడలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగంలో చేరానంటే దానికి మూలం ఆ చేను గట్టే. ఆ సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

మొన్న కోదాడలో పాత విద్యార్థులు సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్లంతా సారు జీవితంలో ఎవరినీ ఒక్క మాట అనలేదన్నారు, పుట్టుకతోనే మెత్తని మనిషన్నారు. నా చేతికి మైకు వచ్చింది. అలా అనుకోవడం ఆయనకు అన్యాయమనిపించింది. ఆయన మెత్తదనం పుట్టుకతో వచ్చింది కాదు, కష్టపడి సంపాదించుకున్నదని చెప్పాలనుకున్నాను. కానీ ఆయన ఫోటో చూశాక, సారు మాకు అడగడం నేర్పారని మాత్రం అని కూర్చున్నాను.

సభ అయ్యాక సారు భార్య నా పక్కకు వచ్చారు. "వడిసెల అమ్మాయివి నువ్వేనా?" అని అడిగారు. తల ఊపాను. ఆయన మరునాటి పాఠం ఇంట్లో ముందు ఆమెకే చెప్పేవారట. ఆమె పదో తరగతి తప్పారు. ఆమెకు ఎక్కడ తెలియకపోతే అక్కడ మార్చి మళ్లీ చెప్పేవారట. రిటైరయ్యేదాకా అంతేనట. ఎందుకండీ ఇంత కష్టమంటే, ఒక ఆడపిల్లను పత్తి చేలో నిలబెట్టిన నోరు ఇది అనేవారట.

"నీకు ఉద్యోగం వచ్చిందని తెలిసి అందరికీ చెప్పుకున్నారమ్మా. ఒక్కసారైనా ఇంటికి రాలేదేం?" అన్నారామె, నిష్ఠూరం లేకుండానే. నన్ను చూస్తే ఆయనకు ఆ మాట గుర్తొస్తుందని, ఆయన్ను చూస్తే నాకు ఆ చేను గుర్తొస్తుందని, ఇద్దరికీ ఎందుకు ఇబ్బందని తప్పించుకు తిరిగాను. ఆయన ఎదురు చూస్తారని ఎన్నడూ అనుకోలేదు.

ఆయన్ను చివరిసారి చూసింది సూర్యాపేట బస్టాండులో. నేను మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. చేతిలో కూరగాయల సంచితో కిటికీ కిందికి వచ్చారు. జుట్టంతా తెల్లబడింది. బాగున్నావా అంటే బాగున్నాన్సార్ అన్నాను. ఎండలు ముదిరాయని చెప్పుకున్నాం. బస్సు కదిలింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని రెండడుగులు వెంట వచ్చి ఏదో అన్నారు. ఇంజను మోతలో నాకు వినపడలేదు. వినపడినట్టు నవ్వాను. ఆయన ఊచ వదిలేసి అక్కడే ఆగారు. సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ, బస్సు మలుపు తిరిగేదాకా ఇటే చూస్తూ నిలబడ్డారు.