దొర గ్యాసులైటు

గాజు పలక మీద ఒక నక్షత్రపు వర్ణపటాన్ని భూతద్దంతో చూస్తున్నాను. ఆకాశంలో అది మసక చుక్కే. దూరం దాన్ని చిన్నది చేసింది. అసలు ఎంత పెద్ద వెలుగో దాని రంగూ ఈ గీతలూ చెప్పేస్తాయి. ఈ పాఠం నేను మొదట నేర్చుకున్నది కట్టంగూరు దగ్గర, మా జొన్నచేను మంచె మీద.

రజాకార్ల కాలం. నాకు తొమ్మిదేళ్లు. దొర గ్యాసులైటును నెత్తిన మోసే వెట్టి ఇక చేయనన్నాడు మా నాన్న, బాపు. దొర మనుషులు వస్తారేమోనని పొద్దుగూకే వేళ నన్ను మంచె మీద కాపలా పెట్టారు. ఒకనాడు దూరంగా చిన్న వెలుగు కనబడింది.

"గొర్లోళ్ల బుడ్డిదీపమే అవ్వా," అని మంచె కిందున్న అమ్మకు చెప్పాను.

అది గ్యాసులైటు. ఆ వెలుగులోనే బాపు కాలు విరగ్గొట్టారు.

అవ్వ నన్ను తిట్టలేదు. "బుడ్డిదీపం ఎర్రగుంటది బిడ్డా. గ్యాసులైటు ఎంత దూరమున్నా తెల్లగుంటది. రంగు జూడు," అని, పిట్టలను కొట్టే వడిసెల చేతికిచ్చింది.

నెలకు మళ్లీ ఒక మసక వెలుగు. తెల్లగా ఉంది. "ఆళ్లే!" అని అరిచాను. ఊరు ఊరంతా చేలల్లోంచి రాళ్లు విసిరింది. నా రాయికే లైటు పగిలింది. దెబ్బలు తిన్న దొర మనుషులు చీకట్లో పారిపోయారు.

మర్నాడు ఆ లైటు మోసిన వెట్టి మనిషి నుదుటికి కట్టుతో మా ఇంటికొచ్చాడు. నా రాయి దొర మనుషులకే తగులుతుందనుకున్న నేను అవ్వ వెనక దాక్కున్నాను.

"జర ముందుగాల్నే కొట్టకపోతివి బిడ్డా, గింత దూరం మోసుడు తప్పేది," అన్నాడాయన.

ఆయన గాయానికి తప్ప ఆ రాత్రి రాళ్లు తగిలిన ఇంకెవరి గాయానికీ నేను ఇప్పటికీ బాధపడలేదు. తెల్లటి మసక చుక్క కనబడితే నా వేళ్లు రాయి కోసం వెతుకుతాయి.