మిషను రాసిన మా అక్క సన్మానపత్రం

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నంద్యాలలో నాలుగు చినుకులు పడితే కుందూ పొంగి బస్టాండు కొట్టుకుపోయిందంటాను. కాబట్టి నా మాటల్లో నాలుగో వంతు నమ్మండి. కోపం మాత్రం మొత్తం నమ్మండి.

మిషన్ల చేత రాయించడం మాకు కొత్త కాదు. సీసం అక్షరాల కాలంలోనే నంద్యాల ప్రెస్సులో ఒక సన్మానపత్రం పేర్చి, తాడు కట్టి, అటక మీద పెట్టుకునేవాళ్లు. ఎవరు రిటైరైనా దాన్నే దించి, పేరు మార్చి అచ్చేసేవాళ్లు. తాసిల్దారు, కాంపౌండరు, కరెంటాయన, అందరూ 'విద్యాదాన కర్ణులే'. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. సీసం పోయింది, అటక పోయింది, కర్ణుడు మాత్రం కంప్యూటర్లోకెక్కి కూర్చున్నాడు. ఆ కర్ణుడి మీద ఒంటిచేత్తో యుద్ధం చేస్తున్నవాణ్ణి నేను. ఎవరికి సన్మానమైనా వాళ్ల వీధిలో పదిమందిని అడిగి, బకెట్లకొద్దీ టీ తాగి, ఆ మనిషి కనబడేట్టు పత్రం రాసిస్తాను.

మొన్న మా అక్క రిటైరైంది. ఆళ్లగడ్డలో లెక్కల టీచరు. ఆమె క్లాసులో "ఏయ్!" అంటే కోయిలకుంట్ల రోడ్డు మీద ఆటోలు బ్రేకేసేవి. బతుకంతా బడికి పెట్టిన మనిషి గురించి ఊరు నోరారా చెప్పేది ఆ ఒక్క పూటే. ఆ పూట నిజమైన మా అక్క వేదికెక్కాలని నా తాపత్రయం. హెడ్మాస్టరు దగ్గరికి పోయి, పత్రం నేను రాస్తానన్నాను.

"నువ్వు రాస్తే ఇంటోళ్లే పొగుడుకున్నట్లుంటాదన్నా," అన్నాడాయన. "ఫోన్లో ఏఐని అడిగినా. చిటికెలో రాసిచ్చింది సూడు."

"అది మా అక్కను యాడ చూసిందప్పా?"

"చూసే పనేముంది? లేడీ టీచరు, లెక్కలు, రిటైర్మెంటు అని చెప్పినా. సాలదా?"

నా రక్తం ఉడికి ఆవిరి చెవుల్లోంచి వచ్చింది.

అక్కతోబాటు అదే రోజు డ్రిల్లు సారు కూడా రిటైరవుతున్నాడు. ఆయన మీసం ఆయనకంటే ముందు గేట్లోకి వస్తుంది. సన్మాన సభలో హెడ్మాస్టరు మొదట అక్క పత్రం చదివాడు. "మీ మృదుమధుర స్వరం విని పసిహృదయాలు పూవులై వికసించేవి!" వాక్యానికొకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. మా బళ్లలో సారు చదివి ఆగితే పిల్లలు గొంతు కలిపి తిరిగి చెప్పాలి. అలవాటు కొద్దీ బడంతా అప్పజెప్పింది.

తర్వాత డ్రిల్లు సారు పత్రం. అదే పత్రం! హెడ్మాస్టరు ఏఐకి పేరు మార్చియ్యమని మాత్రం చెప్పాడట. కొండంత తెలివి ఉందని చెప్పుకునే మిషను చేతికొస్తే, మనవాళ్లు దాని చేత చేయించింది అటక మీది పనే! పిల్లలు ఈసారి హెడ్మాస్టరు కంటే ముందే చెప్పేశారు: "మీ మాతృహృదయానికి వందనం!"

డ్రిల్లు సారు మీసం సర్దుకుంటూ లేచాడు. "ఏందప్పా, నేనెప్పుడు తల్లినైతి?"

షామియానా నవ్వులకు ఊడిపడింది. అప్పుడు మా అక్క మైకు లాక్కుంది. "నేను తిట్టినా, చెవులు మెలిపెట్టినా! తప్పినోళ్లను ఎండాకాలమంతా ఇంట్లో కూసోబెట్టి పాసు చేయించినా! రాస్తే అది రాయండి!" అని పత్రాన్ని టేబుల్ మీద బోర్లించి దిగిపోయింది. చప్పట్లు అహోబిలం దాకా వినిపించాయి.

చెప్పాలి కదా. మైకు దగ్గర్నుంచి చప్పట్ల దాకా నేను కల్పించిందే. షామియానా కూడా ఊడలేదు. పిల్లలు అప్పజెప్పింది, డ్రిల్లు సారు అన్నమాట మాత్రం నిజం. మా అక్క పత్రాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, ఇంటికి తెచ్చుకుంది. అద్దం కట్టించి, వాకిట్లోంచి చూస్తే కనబడేట్టు గోడకు తగిలించింది.

"అక్కా, దాంట్లో నువ్వు యాడుండావ్?" అని మండిపడ్డాను.

"లేకుంటే పోనీలే రా. నా గొంతు బాగుందని ఇన్నేండ్లలో ఒక్కరన్నా అన్యారా? నువ్వన్యావా?"

నిజమైంది ఇంకోటి రాసిస్తానన్నాను.

"రాయి, చదువుతా," అంది ఆ అద్దం తుడుస్తూ. "గోడ మీద మాత్రం జాగా లేదు."