మునిరాజు చచ్చిన సీనుకు ఎర్ర వైను

తళి చుట్టుపక్కల ఊళ్ళలో వీధినాటకం ఆడితే తెర పట్టేది మునిరాజే. రాజు వేషం బయటికి వచ్చేముందు ఇద్దరు మనుషులు అడ్డంగా గుడ్డ పట్టుకుని నిలబడతారు కదా, ఆ ఇద్దరిలో ఒకడు. గుడ్డ వెనక రాజు గంతులేస్తాడు, జనం ఈలలు వేస్తారు. తెర దించాక మునిరాజు పక్కకు పోయి బీడీ ముట్టిస్తాడు. నాటకంలో అందరి మాటలూ అతనికి నోటికి వచ్చు. వేషం మాత్రం ఎవరూ ఇచ్చిన పాపాన పోలేదు. పొద్దున గొర్రెలు, ఎండెక్కాక లోకనాథ్ గులాబీ షెడ్డులో కూలి. అంతే అతని బతుకు.

అలాంటివాడికి ఒక మాట దొరికింది. లోకనాథ్ తోటలో ఏదో కొత్త టీవీ సీరీస్ షూటింగ్ జరిగింది. నీళ్ళ తగాదాలో చచ్చిపోయే కాపరి వేషం మునిరాజుకు ఇచ్చారు. చచ్చేముందు అతను అనాల్సిన మాట ఇది: "గొర్రెల్ని తోలుకోపోండి సామీ, నీళ్ళు మాత్రం ఆపొద్దండి."

బస్సులో కండక్టరుకు చెప్పాడు. టీ అంగట్లో చెప్పాడు. షెడ్డులో మొగ్గలు కోస్తూ నాకూ చెప్పాడు, ప్రతిసారీ గొంతు మార్చి. వినంది అతని పెళ్ళాం మునిలక్ష్మమ్మ ఒక్కతే. "ఈడ చెప్పి పాడు చెయ్యొద్దయ్యా. టీవీలోనే వింటా" అంది. తను చచ్చిపోతాడని మాత్రం మునిరాజు ఆమెకు చెప్పలేదు.

సీరీస్ విడుదలైన ఆదివారం మధ్యాహ్నం లోకనాథ్ తన తోట బంగళాలో బెంగళూరు వాళ్ళను పోగేశాడు. ఒక్కో సీనుకు ఒక్కో వైను తాగుతూ చూడ్డమట. ఏ సీనుకు ఏది పొయ్యాలో చెప్పడానికి యతీశ్ అని ఒకడు వచ్చాడు. బర్గూరులో ఇంజనీరింగు మధ్యలో వదిలేసిన నాకు ఆ పూట అప్పజెప్పిన పని బకెట్టు పట్టుకుని తిరగడం. వాళ్ళు వైనును నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్ముతారు. ఆ ఉమ్మిలో నురగ, చీజు ముక్కలు, ఒకామె లిప్‌స్టిక్.

మునిరాజు ఇస్త్రీ చొక్కాతో, మునిలక్ష్మమ్మ తలలో కనకాంబరాలతో వచ్చి గోడవారన కూర్చున్నారు.

"మంచిదైతే మింగుతారు, చెడ్డదైతే పారబోస్తారు. నోట్లో పోసుకోని ఉమ్మేది ఏం కులాచారమప్పా?" అని ఆమె నన్ను గుసగుసగా అడిగింది.

"డబ్బున్నోళ్ళ ఆచారం అక్కా."

"ఈ సీన్లో ఎండ చూడండి, నాలుక మీద పులుపు తగలాల" అంటున్నాడు యతీశ్, తెల్ల వైను పోస్తూ. కాపరి చచ్చే సీనుకు చిక్కటి ఎర్ర వైను. దానికి గాలి తగలాలని ముందే మూత తీసి, వెడల్పు మూతి గాజు పాత్రలో పోసి, వాకిలి పక్క బల్ల మీద పెట్టాడు. ఊరి వాసన ఉండాలని లోకనాథ్ దాన్ని ఇత్తడి తట్టలో పెట్టి చుట్టూ తమలపాకులు, గులాబీ రేకులు పరిచాడు.

కాపరి గట్టు మీదికి వచ్చాడు. మునిరాజు ముందుకు వంగి కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. తెర మీద కాపరి నోరు తెరిచాడు. వెంటనే బొమ్మ మారిపోయింది. బురదలో శవం. మాటను కోసేశారు.

చావు అనుకున్నదానికంటే ముందే రావడంతో జనం ఇంకా తెల్ల వైనులోనే ఉన్నారు. తెరంతా మునిరాజు చచ్చిన ముఖం. దానికెదురుగా నలుగురు వంగి నా బకెట్టులో ఉమ్ముతున్నారు.

మునిలక్ష్మమ్మ అరిచిన అరుపుకు ఒకడి చేతిలో గ్లాసు జారింది. బతికున్న మొగుడు శవంగా కనబడితే దిష్టి తియ్యకుండా గడప దాటనివ్వరు ఇక్కడ. ఆమె చుట్టూ చూసింది. వాకిలి పక్కనే ఇత్తడి తట్ట, ఆకులు, ఎర్ర నీళ్ళు. పసుపూ సున్నమూ కలిపిన ఆరతి నీళ్ళే అనుకుంది.

"మీకు తెలిసే కలిపి పెట్టినారా? ఆ మాత్రం బుద్ధి ఉండాది" అంటూ తట్ట ఎత్తింది. మునిరాజును నిలబెట్టి ముమ్మారు తిప్పి, వాకిట్లో కుమ్మరించింది. అతని నుదుట ఎర్ర బొట్టు పెట్టింది.

యతీశ్ తల పట్టుకున్నాడు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

"అయ్యో, వీడియో తియ్యలేదే!" అంది ఐశ్వర్య అనే ఆమె. "ఇంకొకసారి చెయ్యండమ్మా, ప్లీజ్."

"దిగిన దిష్టిని మళ్ళీ ఎక్కించమంటావా తల్లీ?"

మునిరాజు మాత్రం ఐశ్వర్య ఫోను వైపు చూసి చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, "గొర్రెల్ని..." అని మొదలుపెట్టాడు.

"వద్దు వద్దు, ఆయన మాట్లాడకూడదు. శవం లాగే ఉంటే బాగుంటుంది" అంది ఐశ్వర్య.

మునిలక్ష్మమ్మ మొగుడి ముఖం చూసింది. "నీ మాట యాడపోయె?"

"కోసేసినారు."

"నువ్వు సచ్చేది పెట్టుకోని మాట్లాడేది కోసినారా? థూ!"

నా బకెట్టులోనే ఉమ్మింది. ఆ పూట దాంట్లో న్యాయంగా పడింది అదొక్కటే.

ఆ మరుసటి వారం లోకనాథ్ నన్ను పిలిచాడు. "మొన్నటి మాదిరే ఆరతి వైన్ అని ఒక ప్రోగ్రాం పెడదామప్పా. వచ్చినోళ్ళకి బాగా పట్టింది. మునిరాజును పిల్చుకోని రా. పెళ్ళాం రాకుంటే షెడ్డులోనుంచి ఎవరో ఒకామెను పెడదాం."

పోయాను. మునిరాజు గొర్రె కాలిగిట్ట చెక్కుతున్నాడు.

"మాట ఉండాదా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"లేదన్నా. ఊరికే నిలబడేదే."

"అయితే రాను."

"ఇంట్లో అక్కకైనా వినిపించినావా?"

"ఆయమ్మ అననీదు. అది సచ్చినోడి మాటంట. ఇంట్లో ఎత్తకూడదంట." గిట్ట వదిలి ఇంకో గొర్రెను లాక్కున్నాడు.

వచ్చి లోకనాథ్‌కు చెప్పాను. "వాడికి పొగరు ఎక్కింది. షెడ్డులో లింగయ్యను పిలువు" అన్నాడు.

లింగయ్య మాట సంగతి అడగలేదు. ఎంతసేపు నిలబడాలని అడిగాడు, అంతే.